సాఫ్ట్‌వేర్ పేర్లు: అనుకోకుండా వచ్చినవి, మార్చలేక మిగిలినవి – తరచుగా అడిగే ప్రశ్నలు

మా టీమ్‌లో కొత్తగా చేరేవాళ్ళు మొదటి నెలలో అడిగే ప్రశ్నల్లో సగం "ఇదేం పేరు? ఇలా ఎందుకు పెట్టారు?" అన్నవే. ఒక్కొక్కరికీ నోటితో చెప్పేకంటే ఒకచోట రాసి పెడితే మేలనిపించింది. నేను ఎక్కువగా జావా అనే ప్రోగ్రామింగ్ భాష మీద పని చేసినవాణ్ణి, అందుకే అటువైపు కాస్త ఎక్కువ రాశాను.

64 బిట్ విండోస్‌లో ఫోల్డర్ పేరు సిస్టమ్32 అని ఎందుకుంది? 32 బిట్ ఫైళ్ళేమో సిస్‌వావ్64లో ఉన్నాయేంటి?

మొదటిసారి చూస్తే ఎవరో తారుమారు చేశారనే అనిపిస్తుంది. 1993లో విండోస్ ఎన్‌టీ వచ్చినప్పుడు పాత 16 బిట్ ఫైళ్ళకు సిస్టమ్ అని, 32 బిట్ ఫైళ్ళకు సిస్టమ్32 అని రెండు ఫోల్డర్లు ఉండేవి. ఆ రోజుకు ఆ పేరు నూటికి నూరుపాళ్ళూ సరైనదే. ఆ తర్వాతి ఏళ్ళలో లెక్కలేనన్ని ప్రోగ్రాముల్లో డెవలపర్లు ఆ పేరును నేరుగా కోడ్‌లో టైప్ చేసి పెట్టేశారు. 64 బిట్ వచ్చేనాటికి అదే కోడ్‌ను మళ్ళీ కంపైల్ చేస్తే (మెషీన్ నడపగల రూపంలోకి మారిస్తే) చాలు, నడవాలి అనుకున్నారు. అలా నడవాలంటే 64 బిట్ ఫైళ్ళు ఆ పాత పేరున్న చోటే ఉండాలి. కాబట్టి పేరు కదల్చకుండా లోపలి సరుకు మార్చారు. పాత 32 బిట్ ప్రోగ్రామ్ వచ్చి సిస్టమ్32 కావాలంటే విండోస్ దాన్ని చప్పుడు చేయకుండా సిస్‌వావ్64కు మళ్ళిస్తుంది. వావ్ అంటే "విండోస్ ఆన్ విండోస్". అంటే 64 బిట్ విండోస్ మీద పాత విండోస్ ప్రోగ్రాములను నడిపే ఏర్పాటు. అలా చదువుకుంటే ఆ పేరులో తికమక ఏమీ లేదు.

తప్పని తెలిసీ ఎందుకు మార్చరు? బద్ధకమా?

బద్ధకం కాదు. ఈ మాట గట్టిగా చెప్పాలనే ఈ పేజీ రాస్తున్నాను. పేరు పెట్టినప్పుడు అది పేరే. రెండో మనిషి దాన్ని తన కోడ్‌లో రాసుకున్న రోజు నుంచి అది చిరునామా అయిపోతుంది. పేరు మార్చుకోవడం మన చేతుల్లో పని. కానీ చిరునామా మారిస్తే, దాన్ని రాసుకున్న ప్రతి ఒక్కరికీ కబురు చేరాలి.

మనకు బాగా తెలిసిన ఉదాహరణ ఉంది. రైలు టికెట్ తీసి చూడండి, విజయవాడకు స్టేషన్ కోడ్ బీజెడ్‌ఏ అని ఉంటుంది. అందులో ఉన్నది బెజవాడ. కాకినాడ టౌన్‌కు సీసీటీ, ఎందుకంటే ఇంగ్లిష్ వాళ్ళు కొకనాడ అని సి అక్షరంతో రాసేవాళ్ళు. ఊరు బోర్డు మీద పేరు ఎప్పుడో మారింది. కోడ్ మాత్రం మారలేదు. హైదరాబాద్‌లో లక్డీకాపూల్ దగ్గర చెక్క వంతెన ఇప్పుడు లేదు, మెట్రో స్టేషన్‌కు మాత్రం అదే పేరు పెట్టారు. ఆటో అతనికి ఆ పేరు చెబితేనే మనం చేరతాం కదా.

లినక్స్ పేరు లినస్ తోర్వాల్డ్స్ పెట్టుకున్నదేనా?

లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొదట రాసింది తోర్వాల్డ్సే. ఆ పేరు ఆలోచన ఆయనకు వచ్చింది కానీ, తన పేరు తనే పెట్టుకుంటే గొప్పలు పోయినట్టుంటుందని పక్కన పెట్టేశాడు. ఆయన ఎంచుకున్న పేరు ఫ్రీయాక్స్. మొదట్లో కొన్ని నెలలపాటు ఆయన మేక్‌ఫైళ్ళలో (కోడ్‌ను ఎలా కంపైల్ చేయాలో చెప్పే ఫైళ్ళలో) ఆ పేరే ఉండేది. 1991లో ఆ కోడ్‌ను అందరికీ అందుబాటులో పెట్టడానికి ఫిన్లాండ్‌లోని ఒక ఎఫ్‌టీపీ సర్వర్‌లో (ఫైళ్ళు పంచుకునే సర్వర్‌లో) చోటిచ్చిన వ్యక్తి ఆరి లెమ్కే. ఆయనకు ఫ్రీయాక్స్ నచ్చలేదు. డైరెక్టరీకి లినక్స్ అని పేరు పెట్టేశాడు, అంతే. డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్ళందరికీ కనిపించింది ఆ డైరెక్టరీ పేరు. ప్రపంచంలోని సర్వర్లలో ఎక్కువ భాగం నడిపే సాఫ్ట్‌వేర్‌కు పేరు ఖాయమైంది ఒక ఫోల్డర్ వల్ల.

క్రోమ్ వాడుతున్నా బ్రౌజర్ తనను తాను మొజిల్లా అని ఎందుకు చెప్పుకుంటుంది?

ఇది కాస్త నిదానంగా చూడాల్సిన సంగతి. విండోస్ మీద క్రోమ్ తానెవరో చెబుతూ ప్రతి వెబ్‌సైట్‌కూ పంపే యూజర్ ఏజెంట్ వరుసను ముక్కలు ముక్కలుగా చదివితే ఇలా ఉంటుంది: మొజిల్లా/5.0, విండోస్ ఎన్‌టీ 10.0, యాపిల్‌వెబ్‌కిట్/537.36, బ్రాకెట్లలో కేహెచ్‌టీఎంఎల్ – "గెకో లాంటిది", ఆ తర్వాత క్రోమ్, చివర సఫారీ. ఒక్క బ్రౌజర్ పేరు చెప్పడానికి ఇంతమంది పేర్లు.

మొదటి ముక్కతో మొదలుపెడదాం. 1994లో మోజాయిక్ అనే బ్రౌజర్‌ది రాజ్యం. దాన్ని ఓడించాలని పుట్టిన కంపెనీ (తర్వాత నెట్‌స్కేప్ అయింది) తన బ్రౌజర్‌కు లోపల పెట్టుకున్న ముద్దుపేరు మొజిల్లా. మోజాయిక్‌ను మింగే గాడ్జిల్లా అని అర్థం. అమ్మే పెట్టె మీద నెట్‌స్కేప్ అని ఉన్నా, సర్వర్‌కు పంపే వరుసలో మొజిల్లా అనే వెళ్ళేది. అప్పట్లో ఫ్రేములు లాంటి కొత్త సౌకర్యాలు అందులోనే ఉండేవి కాబట్టి, వెబ్‌సైట్లు "మొజిల్లా అయితే మంచి పేజీ, కాకపోతే మామూలు పేజీ" అని చూసి పంపేవి. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ వచ్చి, తనకూ మంచి పేజీ కావాలంటే మొజిల్లా అని చెప్పుకోక తప్పలేదు. పక్కన బ్రాకెట్లో "కంపాటిబుల్" అని రాసుకుంది.

మిగిలిన ముక్కలూ ఇలా పేరుకున్నవే. లినక్స్ డెస్క్‌టాప్ తయారుచేసే కేడీఈ వాళ్ళ కాంకరర్ బ్రౌజర్ ఇంజన్ (పేజీని తెర మీద గీసే భాగం) పేరు కేహెచ్‌టీఎంఎల్. దాని నుంచి యాపిల్ వెబ్‌కిట్ చేసుకుంది. మొజిల్లా ఇంజన్ గెకోకు వెళ్ళే పేజీలు తనకూ రావాలని "గెకో లాంటిది" అని చేర్చింది. వెబ్‌కిట్ మీద క్రోమ్ వచ్చింది, సఫారీకి ఇచ్చే పేజీలు కావాలని సఫారీ పేరు తగిలించుకుంది. 2013లో గూగుల్ వెబ్‌కిట్ నుంచి విడిపోయి బ్లింక్ అనే సొంత ఇంజన్ పెట్టుకుంది, అయినా 537.36 అన్న అంకె అక్కడే ఆగిపోయింది. మీది విండోస్ 11 అయినా ఆ వరుసలో 10.0 అనే కనిపిస్తుంది. ఎవరో ఎక్కడో ఆ అంకె చూసి నిర్ణయం తీసుకునే కోడ్ రాసి ఉంటారు, అది విరగకూడదు.

నాకు ఈ ఒక్క వరుస ముప్పై ఏళ్ళ బ్రౌజర్ల చరిత్రలా కనిపిస్తుంది. ఇంటర్వ్యూల్లో కూడా అడుగుతుంటాను.

జావాస్క్రిప్ట్‌కూ జావాకూ సంబంధం ఏంటి?

పేరు తప్ప చెప్పుకోదగ్గది లేదు. 1995లో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ తొలి రూపం రాసినప్పుడు దాని పేరు మోకా, తర్వాత లైవ్‌స్క్రిప్ట్. ఆ ఏడాది జావా పేరు మారుమోగిపోతోంది. జావా తయారుచేసిన సన్ కంపెనీతో ఒప్పందం కుదిరి డిసెంబరులో జావాస్క్రిప్ట్ అయింది. ఆ జావా కూడా అసలు పేరు కాదు, మొదట ఓక్. జావా సృష్టికర్త జేమ్స్ గోస్లింగ్ ఆఫీసు బయట ఉన్న చెట్టు పేరు. ఆ పేరు వేరే కంపెనీకి ట్రేడ్‌మార్క్‌గా ఉండడంతో వదులుకున్నారు. ఫ్రెషర్ల రెజ్యూమెల్లో "జావా/జావాస్క్రిప్ట్" అని ఒకే గీతలో రాసినవి ఇప్పటికీ వస్తుంటాయి. అది వాళ్ళ తప్పని నేననుకోను.

జావాఎక్స్ పోయి జకార్తా ఎందుకొచ్చింది? ఆ ఊరికీ దీనికీ ఏం సంబంధం?

హైదరాబాద్‌లో జావా మీద పని చేసే ప్రతి టీమూ ఈ మూడు నాలుగేళ్ళలో దీనితో కుస్తీ పట్టే ఉంటుంది. అందుకే వివరంగా చెబుతాను.

జావాఎక్స్‌లో ఎక్స్ అంటే ఎక్స్‌టెన్షన్. అసలు జావాలో భాగం కాని, అదనంగా తెచ్చుకునే లైబ్రరీలకు (ముందే రాసి ఉన్న కోడ్‌కు) పేరు ముందు తగిలించిన మాట అది. స్వింగ్ (తెర మీద కిటికీలు, బటన్లు గీసేది) లాంటివి తర్వాత అసలు జావాలోనే కలిసిపోయాయి, పేరులో ఎక్స్ మాత్రం ఉండిపోయింది. సర్వ్‌లెట్ (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చేది), పెర్సిస్టెన్స్ (డేటాబేస్‌లో దాచేది) లాంటి ఎంటర్‌ప్రైజ్ లైబ్రరీలన్నీ, అంటే పెద్ద కంపెనీల అప్లికేషన్లకు వాడేవన్నీ, కూడా జావాఎక్స్ కిందే పెరిగాయి.

2017లో ఆ ఎంటర్‌ప్రైజ్ జావాను ఎక్లిప్స్ ఫౌండేషన్ అనే ఓపెన్ సోర్స్ సంస్థకు ఇస్తున్నట్టు, అప్పటికే సన్‌ను కొనుక్కున్న ఒరాకిల్ ప్రకటించింది. కోడ్ ఇచ్చింది కానీ జావా అన్న పేరు మీద హక్కు తనదే. కాబట్టి కొత్త పేరు కావాలి, 2018లో ఓట్లు వేసి జకార్తా ఈఈ అని ఖాయం చేశారు. జావాఎక్స్ అన్న ప్యాకేజీ పేరునైనా (కోడ్‌లో లైబ్రరీని పిలిచే పేరునైనా) వాడుకుంటూ మార్పులు చేసుకోవచ్చా అని చర్చలు జరిగాయి, కుదరలేదు. 2019లో ఆ సంగతి బయటపెట్టారు. 2020 చివర్లో వచ్చిన జకార్తా ఈఈ 9లో ఆ ప్యాకేజీల పేర్లన్నీ జకార్తాగా మారాయి. 2022 నవంబరులో, చాలా జావా టీములు వాడే స్ప్రింగ్ బూట్ 3 కూడా ఆ దారిలోకే వచ్చాక తప్పించుకునే వీలు లేకపోయింది.

జకార్తా అన్న మాట ఎక్కడిదంటే, 1999లో మరో ఓపెన్ సోర్స్ సంస్థ అపాచీ ఫౌండేషన్‌లో జావా పనుల కోసం ఒక ప్రాజెక్టు మొదలైంది. దాని గురించిన చర్చలు ఎక్కువగా సన్ ఆఫీసులో ఒక మీటింగ్ గదిలో జరిగాయి. ఆ గది పేరు జకార్తా. జావా వెబ్ సర్వర్ టామ్‌క్యాట్ పెరిగింది ఆ ప్రాజెక్టులోనే. 2011లో జకార్తా ప్రాజెక్టును మూసేశారు. ఏడేళ్ళ తర్వాత అదే పేరు ఎంటర్‌ప్రైజ్ జావాకు తగిలింది. ఈరోజు మీ ఫైలు పైన ఉన్న ఇంపోర్ట్ లైన్లలో ఒక మీటింగ్ గది పేరుంది.

"రీప్లేస్ ఆల్" కొడితే సరిపోదా?

నేనూ అదే అనుకున్నాను. మా పాత కోడ్‌లో జావాఎక్స్ ఉన్న ప్రతిచోటా జకార్తా పెట్టాను. కంపైల్ చేస్తే తెర నిండా ఎర్ర గీతలు. జావాఎక్స్ డాట్ ఎస్‌క్యూఎల్, జావాఎక్స్ డాట్ క్రిప్టో, జావాఎక్స్ డాట్ స్వింగ్ లాంటివి అసలు జావాలో భాగం. ఒరాకిల్ దగ్గరే ఉన్నాయి, వాటి పేర్లు మారలేదు. జావాఎక్స్ అన్న ఒకే మాట కింద సగం కాపురం కదిలింది, సగం ఉండిపోయింది.

అది తేలికైన భాగమే, ఎందుకంటే కంపైలర్ చెప్పింది. మమ్మల్ని ఏడిపించింది వేరే. జార్ ఫైలు (జావా ప్రోగ్రామ్‌ను మూటకట్టిన ఫైలు) లోపల మెటా-ఇన్ఫ్ అనే ఫోల్డర్, అందులో సర్వీసెస్, దానిలో ఒక చిన్న టెక్స్ట్ ఫైలు. ఆ ఫైలు పేరే జావాఎక్స్ డాట్ సర్వ్‌లెట్ డాట్ సర్వ్‌లెట్ కంటైనర్ ఇనిషియలైజర్. లోపల ఉన్నది ఒకే ఒక్క లైను. సర్వర్ మొదలయ్యేటప్పుడు ఆ పేరున్న ఫైలును వెతికి, అందులో ఉన్న క్లాస్‌ను నడుపుతుంది. నేను ఫైళ్ళ లోపల మార్చాను కానీ ఫైలు పేరు మార్చలేదు. టామ్‌క్యాట్ 10 కొత్త పేరుతో వెతికింది, దొరకలేదు, ముందుకు వెళ్ళిపోయింది. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క ముక్క లేదు. మా సెటప్ కోడ్ అసలు నడవనే లేదు. పేజీలన్నీ 404, అంటే "పేజీ దొరకలేదు". శుక్రవారం సాయంత్రం మొదలైన టెన్షన్ శనివారం మధ్యాహ్నానికి తీరింది.

మీరు చేసేటప్పుడు కంపైలర్‌కు కనిపించనివి ముందు చూసుకోండి: ఫైలు పేర్లు, ఎక్స్‌ఎంఎల్‌లో ఉన్నవి, కొటేషన్ల మధ్య ఉన్నవి.

ఐఫోన్ కోడ్‌లో చాలా క్లాసుల ముందు ఎన్‌ఎస్ అని ఎందుకు?

నెక్స్ట్‌స్టెప్ గుర్తు. స్టీవ్ జాబ్స్ యాపిల్ వదిలి 1985లో పెట్టిన కంపెనీ నెక్స్ట్, దాని ఆపరేటింగ్ సిస్టమ్ నెక్స్ట్‌స్టెప్. 1996 చివర్లో యాపిల్ ఆ కంపెనీని కొనుక్కుంది, దాని పునాది మీదే మ్యాక్, ఆ తర్వాత ఐఫోన్ కట్టింది. యాపిల్ తర్వాత తెచ్చిన స్విఫ్ట్ భాషలో చాలా పేర్లకు ఆ రెండక్షరాలు తీసేశారు, ఎన్‌ఎస్‌ఆబ్జెక్ట్ లాంటివి మాత్రం ఉన్నాయి.

స్పెల్లింగ్ తప్పునైనా దిద్దొచ్చు కదా?

దిద్దలేరు. ఏ పేజీ నుంచి వచ్చారో బ్రౌజర్ సర్వర్‌కు చెప్పే హెచ్‌టీటీపీ హెడర్ పేరు రెఫరర్. ఇంగ్లిష్‌లో మధ్యలో రెండు ఆర్‌లు రాయాలి, ఒక్కటే ఉంది. 1996 నాటి ప్రమాణపత్రంలోకి అలాగే ఎక్కింది, అప్పటికే సర్వర్లూ బ్రౌజర్లూ దాన్ని వాడేస్తున్నాయి. తర్వాత వచ్చిన రెఫరర్-పాలసీ అనే హెడర్‌లో స్పెల్లింగ్ సరిగ్గా రాశారు. కాబట్టి ఇప్పుడు ఒకే రిక్వెస్ట్ చుట్టూ రెండు స్పెల్లింగులు తిరుగుతుంటాయి, రెండూ గుర్తుపెట్టుకోవాలి. యూనిక్స్‌లో ఫైలు తయారుచేసే క్రియేట్ అనే కాల్‌లో చివరి ఇ లేదు. మళ్ళీ రాసే అవకాశమొస్తే ఏం మారుస్తారని అడిగితే, ఆ ఇ చేరుస్తానని యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ చెప్పారు.

యూనికోడ్‌లో (అన్ని లిపుల అక్షరాలకూ కంప్యూటర్ కోసం అంకె, పేరు ఇచ్చే పట్టికలో) అయితే ఇది రాతపూర్వకమైన నియమం. అక్షరానికి ఒకసారి పేరు పెట్టాక తప్పయినా మార్చరు. మన పక్కింటి లిపిలోనే ఉంది చూడండి. కన్నడంలో ఒక పాత అక్షరం, ద్రావిడ భాషల్లో ఒకప్పుడు ఉన్న ఴ ధ్వనికి గుర్తు. దానికి పొరపాటున "కన్నడ లెటర్ ఎఫ్‌ఏ" అని, అంటే ఫ ధ్వని అని పేరు పడింది. తప్పు తెలిశాక సరైన పేరును పక్కన మారుపేరుగా చేర్చారు, అసలు పేరు తీయలేదు. మరో అక్షరం పేరులో బ్రాకెట్ అనే ఇంగ్లిష్ మాటకు సి, కె తారుమారయ్యాయి. అదీ అలాగే ఉంది. తెలుగు టైప్ చేసే ప్రతిసారీ మనం ఈ పట్టిక మీదే నిలబడుతున్నాం. పేర్లు కదలకపోవడం వల్లే ఇరవై ఏళ్ళ క్రితం రాసిన ప్రోగ్రాములు ఇప్పుడూ ఆ అక్షరాన్ని వెతికి పట్టుకోగలుగుతున్నాయి. ఇందులో నేను పూర్తిగా యూనికోడ్ వాళ్ళ పక్షం.

పీహెచ్‌పీలో "పామాయిం నెకుడోతాయిం" అని ఎర్రర్ వచ్చింది. వైరస్సా?

కాదు. హీబ్రూ మాట, జంట కోలన్ (::) అని అర్థం. వెబ్‌సైట్లకు వాడే భాష పీహెచ్‌పీ ఇంజన్‌ను తిరగరాసిన జీవ్ సురాస్కీ, ఆండీ గట్‌మన్స్ ఇజ్రాయెల్‌లో చదువుకున్నవాళ్ళు. ఆ గుర్తుకు తమ భాషలో పేరు పెట్టారు. అది తెలియక బెంబేలెత్తినవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

బ్లూటూత్ అన్నది తాత్కాలికంగా పెట్టిన పేరంటారు, నిజమేనా?

నిజమే. ఇంటెల్‌లో పని చేసే జిమ్ కార్డాక్ 1997లో, అసలు పేరు దొరికేదాకా వాడుకుందామని ఆ పేరు సూచించాడు. పదో శతాబ్దంలో డెన్మార్క్‌ను ఏలిన రాజు హరాల్డ్ బ్లూటూత్‌ది ఆ పేరు. అసలు పేరుగా పాన్ అనో రేడియోవైర్ అనో పెట్టాలనుకున్నారు. పాన్ అప్పటికే ఎక్కడపడితే అక్కడ వాడకంలో ఉంది. రేడియోవైర్‌కు ట్రేడ్‌మార్క్ పరిశీలన సమయానికి పూర్తి కాలేదు. ప్రకటించాల్సిన రోజు వచ్చేసింది. తాత్కాలికమన్నదే ఉండిపోయింది.

ఇంట్లో పిల్లల పేర్లు పెట్టినవి కూడా ఉన్నాయా?

ఉన్నాయి. మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్ పేరులో మై అంటే "నా" అనుకుంటారు. దాన్ని తయారుచేసిన మాంటీ విడేనియస్ పెద్ద కూతురి పేరది. చిన్న కూతురు మరియా, ఆమె పేరు మీద మరియాడీబీ అనే మరో డేటాబేస్. భారీ డేటాను నడిపే సాఫ్ట్‌వేర్ హడూప్ అన్నది, దాన్ని తయారుచేసినవాళ్ళలో ఒకరైన డగ్ కటింగ్ కొడుకు ఆడుకునే పసుపు ఏనుగు బొమ్మ పేరు.

ఎవరూ మార్చలేదా అసలు?

మార్చారు. ఫైర్‌ఫాక్స్ 2002లో ఫీనిక్స్, 2003లో ఫైర్‌బర్డ్, 2004 ఫిబ్రవరిలో ఫైర్‌ఫాక్స్. మొదటి పేరుకు ఒక కంపెనీ, రెండో పేరుకు అదే పేరున్న డేటాబేస్ ప్రాజెక్టు అడ్డు చెప్పాయి. 1.0 వెర్షన్ వచ్చేలోపే మార్చుకున్నారు కాబట్టి బతికి బయటపడ్డారు.

పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ వాళ్ళది ఇంకా గట్టి నిర్ణయం. డేటాబేస్ డైరెక్టరీలో పీజీ_ఎక్స్‌లాగ్ అని ఒక ఫోల్డర్ ఉండేది. అందులో ఉన్నది రైట్-అహెడ్ లాగ్ (మార్పులను అసలు డేటాలో పెట్టేముందు రాసుకునే చిట్టా, పొట్టిగా వాల్), అది పోతే డేటాబేస్ తిరిగి లేవదు. పేరులో లాగ్ అని చూసి, డిస్క్ నిండినప్పుడు ఏవో పనికిరాని లాగులనుకుని కొందరు దాన్ని తుడిచేశారు. డేటా పోయింది. 2017లో వచ్చిన వెర్షన్ 10లో ఆ పేరును పీజీ_వాల్ అని మార్చారు. ఎందరివో స్క్రిప్టులు విరుగుతాయని తెలిసే మార్చారు. పేరు అబద్ధం చెబుతోంది, ఆ అబద్ధం ఖరీదు జనం డేటా. అలాంటప్పుడు ఎంత ఇబ్బందైనా మార్చాల్సిందే.

మా ప్రాజెక్టుకు కూడా ఇలాంటి పేరుంది. మార్చాలా?

ముందు ఆ పేరు ఎవరెవరి దగ్గర ఉందో లెక్కేయండి. మీ కోడ్ లోపలే ఉంటే ఈరోజే మార్చేయండి, ఎడిటర్ రెండు నిమిషాల్లో చేస్తుంది. యూజర్లు తెర మీద చూసే పేరు మార్చడం కూడా పెద్ద పని కాదు. డేటాబేస్ టేబుల్, యూఆర్ఎల్, ప్యాకేజీ పేరు, మెసేజ్ క్యూ పేరు, వేరే టీమ్ రిపోర్టుల్లో వాడుకునే కాలమ్ పేరు: వీటి దగ్గర ఆగండి. మార్చాలనుకుంటే కొత్త పేరు పెట్టి, పాతదాన్ని కొంతకాలం పక్కనే నడవనివ్వండి. పాత పేరుతో ఎవరు వస్తున్నారో లాగ్‌లో రాసుకుంటూ ఉండండి. ఆ సంఖ్య సున్నా అయ్యాక తీసేయవచ్చు.

పేరు వినడానికి బాగోలేదన్నది మాత్రం మార్చడానికి కారణం కాదని నా అభిప్రాయం. మనిషిని తప్పుదారి పట్టిస్తుంటే, అది కారణం.

మార్చలేకపోతే?

ఆ పేరు ఎందుకు వచ్చిందో రాసి పెట్టండి. మేము నడిపే సర్వీసుల్లో ఒకదాని పేరు "టెంప్ ఎక్స్‌పోర్ట్". నేను చేరేనాటికే ఏళ్ళ తరబడి నడుస్తోంది, నెలాఖరు లెక్కలన్నీ దాని మీదుగానే వెళ్తాయి. ఒకసారి కొత్తగా వచ్చిన అమ్మాయి ఖర్చు తగ్గిద్దామని వాడని సర్వర్ల జాబితా చేస్తూ దీన్నీ చేర్చింది. పేరు అలా ఉంటే ఎవరైనా చేరుస్తారు. అదృష్టం బాగుండి, ఆపేముందు నన్ను అడిగింది. ఆ రోజే ఇద్దరం కూర్చుని రీడ్‌మీ ఫైలు మొదటి లైను మార్చాం. ఇప్పుడక్కడ ఇలా ఉంటుంది: "పేరు చూసి ఆపకండి. ఒక్క నెల కోసం మొదలైంది, కాబట్టి ఈ పేరు. ఇప్పుడు మూడు టీములు దీని మీద ఆధారపడి ఉన్నాయి." కింద ఆ మూడు టీముల పేర్లు, తేదీ. ఎవరైనా ఒక టీమ్ వాడకం ఆపేస్తే ఆ లైను కొట్టేస్తున్నాం. ప్రస్తుతానికి రెండున్నాయి.